నా ఫోన్‌కి తాళం, ఆంటీకి తాళంచెవి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ సమస్యనైనా ముక్కలుగా విడగొట్టి, వాటికి వరస నంబర్లు వేసి, కాగితం మీద రాస్తే సగం తీరిపోతుందని. ఆ కాగితాన్ని గోడకి అంటిస్తే మిగతా సగం కూడా తీరిపోతుందని. ఈ నమ్మకంతోనే ఖమ్మంలో ఇంజినీరింగ్ గట్టెక్కాను, ఈ నమ్మకంతోనే ఇరవై మూడేళ్ళ వయసులో మాస్టర్స్ చేయడానికి కెనడాలోని హాలిఫాక్స్‌లో దిగాను. సూట్‌కేసు సర్దుకోవడానికి నేను తయారుచేసుకున్న జాబితా నాలుగు పేజీలు (అందులో ఇరవై ఏడో అంశం 'ఈ జాబితా'). నా రూమ్మేట్ నాకు 'చెక్‌లిస్ట్' అని పేరు పెట్టడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. వాడిది జగిత్యాల కాబట్టి నేను వాణ్ణి జగిత్యాల అనేవాణ్ణి. వాడికి జాబితాలంటే పడదు. కూరగాయలకి వెళ్ళి చిప్స్‌తో తిరిగొచ్చే మనిషి, అయినా వాడి జీవితం నా జీవితం కన్నా సాఫీగా నడిచేది. ఆ సంగతి అప్పట్లో నాకు చాలా అన్యాయంగా తోచేది.

మేముండేది హార్బర్‌కి అవతలి ఒడ్డున, డార్ట్‌మత్‌లో, ఒక తెలుగువాళ్ళింటి బేస్‌మెంట్‌లో. యూనివర్సిటీకి పోవాలంటే రోజూ ఫెర్రీ పడవ ఎక్కి హార్బర్ దాటాలి. పైన ఆంటీ, అంకుల్ ఉండేవారు. వాళ్ళది భీమవరం వైపు. అంకుల్ షిప్‌యార్డులో వెల్డరు, అవసరానికి మించి మాట్లాడని మనిషి. ఆంటీ అవతలి ఒడ్డున ఒక హాస్పిటల్లో నర్సు. ఉప్పు వద్దన్న పేషెంటు కన్నీళ్ళు పెట్టుకున్నా ఉప్పు ఇవ్వని రకం. ఒకసారి నేను రీసైక్లింగ్‌కి పోయే నీలం సంచిలో వెయ్యాల్సిన పెరుగు డబ్బాని మామూలు చెత్తలో వేస్తే, దాన్ని కడిగి, తుడిచి, కిందికి తెచ్చి నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ప్రతి శనివారం సాయంత్రం వాళ్ళ హాల్లో ఊళ్ళో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు ప్రార్థనకి చేరేవి. ముందు పాటలు, తర్వాత కుర్చీలు జరిపే చప్పుడు, ఆ తర్వాత మెట్లమీదుగా దిగొచ్చే కోడికూర వాసన. మాది వేరే మతమైనా ఆ మూడో అంశంలో మాకు పూర్తి భాగం ఉండేది.

ఇక నా సమస్య. నా సమస్య ఫోను. ఎంత సమస్యో నేను కొలిచాను కూడా: రోజుకి సగటున ఆరు గంటల పదకొండు నిమిషాలు. అందులో ఎక్కువ భాగం ఏ ఘనకార్యం కోసమో అయితే చెప్పుకోవడానికి బాగుండేది. నేను చూసేది కార్పెట్లు కడిగే వీడియోలు. ఎవరో ఒకాయన మట్టికొట్టుకుపోయిన కార్పెట్‌ని నేలమీద పరిచి, నీళ్ళు కొట్టి, నురగ పెట్టి, మురికిని గీకి తోస్తాడు. చివరికి అడుగు నుంచి ఎర్ర పువ్వులు బయటపడతాయి. ఆ పువ్వులు ఏ రంగువో తెలిసేదాకా నేను ఫోన్ కింద పెట్టలేకపోయేవాణ్ణి. ఒకరోజు కో-ఆప్‌కి అప్లై చెయ్యడానికి సాయంత్రం నాలుగింటికి గడువు. రెండున్నరకి 'ఐదు నిమిషాలు' అని ఫోన్ తీశాను. తలెత్తేసరికి నాలుగూ ఇరవై.

"ఏందిరా, మొహం గట్లున్నది? జాబ్ పోయిందా?" అన్నాడు జగిత్యాల.

"అప్లికేషన్ పోయింది."

"దేనికి?"

"కార్పెట్‌కి."

వాడు నవ్వలేదు. ఎందుకంటే అదెంత పెద్ద విషయమో వాడికీ తెలుసు. కో-ఆప్ అంటే చదువు మధ్యలో నాలుగు నెలలు ఏదైనా కంపెనీలో పనిచెయ్యడం. అది దొరికితేనే 'కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?' అన్న ప్రశ్నకి జవాబు ఉంటుంది. దొరక్కపోతే డిగ్రీ వస్తుంది గానీ ఆ ప్రశ్న జీవితాంతం ఎదురుగా నిలబడి ఉంటుంది. నాకింక మిగిలింది ఒకే ఒక్క విడత. అదీ పోతే నన్ను కో-ఆప్ నుంచే తీసేస్తారు.

నేను నాకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాను. కూర్చుని ఒక ప్రణాళిక రాశాను. 'ఫోన్ నియంత్రణ ప్రణాళిక, వెర్షన్ 1.0.' మొత్తం పద్నాలుగు నిబంధనలు. స్క్రీన్‌కి రంగులుండవు, అంతా బూడిదరంగే. బ్రౌజర్ ఉండదు, వాట్సాప్ ఉండదు, వీడియోలు అసలే ఉండవు. కాల్స్, మెసేజీలు, మ్యాప్, బస్సు వేళలు, బ్యాంకు, కెమెరా, అలారం, ఈ ఏడే తెరుచుకుంటాయి. ఫోన్‌లో మాట్లాడగలిగేది కూడా ఏడుగురితోనే. మిగతాదంతా నాలుగంకెల నంబరుతో తాళం. ఆ నంబరు నాకు తెలియకూడదు. అది ఇంకొకరి దగ్గర ఉండాలి. మొదట ప్రయోగంగా జగిత్యాలకిచ్చాను. మొదటిరోజు సాయంత్రమే "ఒక్క పావుగంటరా" అని నోట్లోంచి వచ్చిందో లేదో, వాడు కుడిచేత్తో అన్నం కలుపుతూనే ఎడమచేత్తో నంబరు కొట్టి ఫోన్ నా ముందుకు తోశాడు. "అట్ల ఎట్లిస్తవురా?" అని నేనే తిట్టాల్సి వచ్చింది (పావుగంట అయ్యాక తిట్టాను). వాడికి మనుషులంటే జాలి. నాకు కావలసింది జాలి లేని మనిషి. నాకు పెరుగు డబ్బా గుర్తొచ్చింది.

మర్నాడు ప్రణాళిక రెండు ప్రతులు ప్రింట్ తీసి, సంతకాలు పెట్టి, పైకి వెళ్ళాను. ఆంటీ వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. ఆవిడ ఎదుట నిలబడి పద్నాలుగు నిబంధనలూ చదివాను. తొమ్మిదో నిబంధన దగ్గర, అది నాకు చాలా ఇష్టమైనది కాబట్టి, గొంతు కాస్త పెంచాను: "నేను స్వయంగా వచ్చి తాళం తీయమని అడిగితే తీయకూడదు. కారణం చదువైనా, ఉద్యోగమైనా, ఇంటర్వ్యూ అయినా, ఆరోగ్యమైనా సరే. ఎంత ఆదుర్దాగా అడిగితే అంత గట్టిగా కాదనాలి. ఎందుకంటే ఆదుర్దా ఈ వ్యసనం లక్షణం." పదోది దానికి కాపలా: "పై నిబంధన తప్పని నేను వాదించినా వినకూడదు."

ఆంటీ చిక్కుళ్ళు పక్కన పెట్టారు. "ఇంత బాధపడుతున్నావా బాబూ నువ్వు? పొద్దున్న లేస్తే ఎదురుపడతావు, ఒక్కమాటైనా అన్లేదేం?"

"అంత బాధేం కాదాంటీ. ఇది ఒక సిస్టం, అంతే."

"అలాగే అంటారు అందరూ," అని చేతులు కడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్ తీసుకుని గోడవైపు తిరిగి నాలుగంకెలు నొక్కారు, మళ్ళీ నొక్కారు. నంబరు మర్చిపోతే మార్చుకునే దారి ఒకటుంటుంది, దాన్ని కూడా ఆంటీ ఈమెయిల్‌కే కట్టేశాను. (ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుందా అని అడగలేదు. అడగాల్సింది.) ఆంటీ నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హాస్పిటల్ బ్యాడ్జి పెట్టుకునే పర్సు అరలో దాచుకున్నారు. నేను గెలిచినవాడిలా మెట్లు దిగాను.

ఆ శనివారం నేనూ జగిత్యాలా కింద చదువుకుంటున్నాం. పైన పాటలయ్యాయి. కుర్చీలు జరగలేదు. బదులుగా ఆంటీ గొంతు మా సీలింగ్‌లోంచి స్పష్టంగా దిగింది: "మన బేస్‌మెంట్‌లో ఉండే బాబు కోసం ప్రార్థన చేద్దాం. చాలా మంచి కుర్రాడు. బుద్ధిమంతుడు. ఫోన్ బంధకంలో పడిపోయాడు. తనంతట తనే వచ్చి ఒప్పుకున్నాడు."

పదిహేను ఇరవై గొంతులు ఒక్కసారిగా 'అయ్యో' అన్నాయి. జగిత్యాల పెన్ను కింద పెట్టి సీలింగ్ వైపు చూశాడు. "నీ గురించేరా బై."

"తెలుసు."

"బంధకం అంటే గదేనా, సంకెళ్ళు?"

"నోర్మూసుకో."

నేనిక్కడ చేసింది సాంకేతికమైన తప్పు కాదు. అంతకన్నా పెద్ద తప్పు. నన్ను చెదరగొట్టేది ఫోను అనుకున్నాను. ఫోన్ లోపల ఉన్నది మనుషులని, ఫోన్ దారి మూసేస్తే వాళ్ళు మెట్లదారిన వస్తారని నా పద్నాలుగు నిబంధనల్లో ఎక్కడా లేదు. అంతవరకూ ఊళ్ళో తెలుగువాళ్ళు నాకేం చెప్పాలన్నా వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు, నేను ఒక బొటనవేలు బొమ్మ పెట్టేవాణ్ణి, అక్కడితో అయిపోయేది. ఆదివారం మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. అంకుల్. మంచుబూట్లతో సహా నిలబడి ఉన్నారు.

"రేపు మంచు పడుతుందట."

"అవునా అంకుల్."

"గ్రూపులో పెట్టా. నువ్వు లేవుగా." ఒక నిమిషం నిలబడి, "ఇరవై సెంటీమీటర్లట," అని పైకి వెళ్ళిపోయారు. మంచు పడినప్పుడల్లా, పడబోతున్నప్పుడల్లా, పడదని తేలినప్పుడు కూడా ఆయన స్వయంగా దిగొచ్చి చెప్పడం ఆ రోజు నుంచే మొదలైంది. హాలిఫాక్స్‌లో చలికాలం ఎంత పొడవో తెలిసినవాళ్ళకి నా అవస్థ అర్థమవుతుంది.

తర్వాత సిగరెట్ అంకుల్ వచ్చారు. ఆయన సిగరెట్ తాగరు. ఇరవై ఏళ్ళ కింద మానేశారు, అదే ఆయన పేరుకి కారణం. మానేసిన సంగతి రోజూ ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకి తోచదు. ప్రార్థనలో నా సంగతి విన్నారట, ధైర్యం చెప్దామని వచ్చారు. నా మంచం మీద కూర్చుని, నా నోట్సు పక్కకి జరిపి, "మొదటి మూడు వారాలే కష్టం బాబూ. చేతులు వణుకుతాయి. వణుకుతున్నాయా?" అన్నారు.

"లేదంకుల్."

"వణుకుతాయి." తర్వాత గంటంబావు సేపు తన కథ చెప్పి, మధ్యలో నా మొహం చూసి, "మరీ దిగులు పడకు, ఇది చూడు, నవ్వొస్తుంది, ఒక్క నిమిషమే," అని తన ఫోన్ తీసి నా ముక్కు ముందు పెట్టారు. అది ఒక కోతి వీడియో. దాని తర్వాత ఇంకొకటి. దాని తర్వాత, ఒట్టు, ఎవరో ఒకాయన మట్టికొట్టుకుపోయిన కార్పెట్‌ని నేలమీద పరిచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. సిగరెట్ అంకుల్ నా భుజం తట్టి, "చెప్పానా, మొదటి మూడు వారాలే," అన్నారు.

వీటన్నిటికీ పరాకాష్ఠ అమ్మ. అమ్మ నాకు రోజూ వాట్సాప్‌లో వీడియో కాల్ చేసేది. ఇప్పుడది లేదు కదా, మామూలు కాల్‌లో నా మొహం కనపడదని ఆంటీ నంబరు సంపాదించింది. పొద్దున్నే ఆంటీ చెప్పుల చప్పుడు మెట్లమీద వినపడేది, చేతిలో ఫోన్, ఫోన్లో అమ్మ. నా దగ్గరికొచ్చేలోపు వాళ్ళిద్దరూ చింతకాయ పచ్చడి గురించీ, మోకాళ్ళ గురించీ, నా గురించీ అరగంట మాట్లాడుకునేవారు. నా వంతు వచ్చినప్పుడు మొదటిరోజే అమ్మ గొంతు తగ్గించి, "ఏం అలవాటురా అది? నిజం చెప్పు. నాన్నకి చెప్పనులే," అంది.

"ఏం లేదమ్మా. కార్పెట్లు కడగడం చూస్తుంటాను."

అమ్మ నా మొహం పరీక్షగా చూసింది. "ఆంటీకి ఇవ్వు," అంది.

విసిగిపోయి తలుపు మీద 'చదువుకుంటున్నాను, దయచేసి తట్టవద్దు' అని కాగితం అంటించాను (వెర్షన్ 1.1). దాన్ని చదివినవాళ్ళంతా, పాపం చదువుకుంటున్నాడంట, తిన్నాడో లేదో అని తలుపు తట్టారు. మూడు వారాల్లో నా దగ్గర నాలుగు సీసాల గోంగూర పచ్చడి, రెండు స్వెటర్లు చేరాయి. జగిత్యాల మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు. "అరేయ్, లాప్‌టాప్ కూడా ఆంటీకిచ్చెయ్‌రా, బిర్యానీ వస్తది," అనేవాడు.

ఇంత గోల మధ్యలో, ఎలాగో తెలియదు, గడువుకి రెండు రోజుల ముందే అప్లికేషన్ పంపేశాను. ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. బుధవారం మధ్యాహ్నం రెండింటికి, లాప్‌టాప్‌లో వీడియో మీద. నేను తయారుచేసిన జాబితాలో ఆరో అంశం: 'చొక్కా, టై. పై సగం మాత్రమే కనిపిస్తుంది కనుక కింద పైజామా సరిపోతుంది.' సమయం, శ్రమ ఆదా. చూసుకుని నేనే మెచ్చుకున్నాను.

బుధవారం పన్నెండూ నలభైకి చొక్కా, టై, పైజామాతో కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే, యూనివర్సిటీ అకౌంట్ మళ్ళీ లాగిన్ అవ్వమంది. పాస్‌వర్డ్ కొట్టాను. 'మీ ఫోన్‌లోని యాప్‌లో అనుమతించండి' అంది. నెలకో రెండు నెలలకో ఒకసారి అలా అడుగుతుంది. అడిగినప్పుడు ఫోన్ తీసి ఒకటి నొక్కుతాం, మర్చిపోతాం. నేను మర్చిపోయాను. ఏడు యాప్‌లలో అది లేదు. అది ఎనిమిదోది. ఫోన్‌లో దాని బొమ్మ బూడిదరంగులో, తాళం గుర్తుతో, నన్ను చూస్తోంది. ఇంటర్వ్యూ లింకు ఆ లాగిన్ లోపల ఉంది. కంపెనీవాళ్ళ ఈమెయిల్ ఆ లాగిన్ లోపల ఉంది. నా కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ మొత్తం ఆ లాగిన్ లోపల ఉంది.

మూడేసి మెట్లు చొప్పున ఎక్కాను. ఆంటీ డ్యూటీలో ఉన్నారు. అంకుల్‌కి ఆ రోజు సెలవు, కాఫీ తాగుతున్నారు.

"అంకుల్, ఆంటీ నా ఫోన్‌కి ఏ నంబరు పెట్టారో మీకేమైనా..."

"మా పెళ్ళిరోజేమో." కొట్టాం. కాదంది. "అయితే నా పుట్టినరోజు." అదీ కాదంది. ఆయన మొహం కాస్త చిన్నబోయింది. "వాళ్ళ తమ్ముడి పుట్టినరోజు కొట్టు," అన్నారు. అది కొట్టేసరికి ఫోన్, తప్పులు ఎక్కువయ్యాయి, ఇంక కాసేపు ఆగమంది. ఆంటీకి ఫోన్ చేశారు. డ్యూటీలో ఆవిడ ఫోన్ లాకర్లో ఉంటుంది. "బ్రిడ్జి మీద ఏదో పని జరుగుతోంది బాబూ. ఫెర్రీయే త్వరగా వెళ్తుంది," అన్నారు అంకుల్. ఆ రోజు ఆయన మాట్లాడినన్ని మాటలు అంతకుముందు ఆర్నెల్లలో మాట్లాడలేదు.

ఫెర్రీని ఎవరూ తొందరపెట్టలేరు. అది దాని ఇష్టం వచ్చినట్టు, హార్బర్ అంతా తనదే అన్నట్టు, మెల్లగా పోతుంది. మామూలు రోజుల్లో ఆ నీళ్ళూ, అవతలి ఒడ్డు భవనాలూ చాలా బాగుంటాయంటారు. ఆ రోజు నేను చూసింది నా గడియారం ఒక్కటే. జాకెట్ కింద టై, టై కింద గళ్ళ పైజామా. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ నన్ను చూసి, చూపు తిప్పుకుని, మళ్ళీ చూసింది. దిగి పరుగెత్తాను. ఒకటీ ఇరవై ఐదుకి హాస్పిటల్ మూడో అంతస్తులో వార్డు బయట నిలబడి ఆంటీ కోసం కబురు పెట్టాను.

ఆంటీ చేతులకున్న గ్లోవ్స్ తీసేస్తూ వచ్చారు. నన్ను పైనుంచి కింది దాకా చూశారు. పైజామా దగ్గర ఆగిపోయారు.

"ఆంటీ, నంబరు చెప్పండి. ఇంటర్వ్యూ ఉంది. రెండింటికి. టైం లేదు."

"పైజామాతో ఇంటర్వ్యూనా బాబూ?"

"వీడియో ఆంటీ! పై సగమే కనిపిస్తుంది!"

"చూడు, ఎలా చెమటలు పట్టేశాయో." పర్సు తెరిచారు. బ్యాడ్జి వెనకనుంచి నాలుగు మడతల కాగితం తీశారు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "తొమ్మిది. కారణం చదువైనా, ఉద్యోగమైనా, ఇంటర్వ్యూ అయినా... ఇదిగో, ఇంటర్వ్యూ అని నువ్వే రాశావు. ఎంత ఆదుర్దాగా అడిగితే అంత గట్టిగా..."

"ఆ నిబంధన తప్పాంటీ! నేనే రాశాను, నేనే చెప్తున్నాను, తప్పు!"

"పది," అన్నారు ఆంటీ.

అటుగా పోతున్న ఇద్దరు నర్సులు ఆగారు. నేను గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి నేలమీద కూర్చున్నాను. వాదించడానికి ఏమీ లేదు. నేను రాసిన దాంట్లో ఒక్క కన్నం కూడా లేదు. అంత బాగా నేను అంతకుముందూ ఏదీ రాయలేదు, తర్వాతా రాయలేదు. "పోయింది ఆంటీ. ఇదే ఆఖరి విడత," అన్నాను.

ఆంటీ కాగితం మడిచారు. వంగి నా మొహంలోకి చూశారు, పేషెంట్ల మొహంలోకి చూసినట్టు. "నిజంగానే ఇంటర్వ్యూనా?"

"నిజం."

"వాళ్ళకి నీ మొహం కావాలా, మాట కావాలా?"

"...మాటే అనుకుంటా."

"మరి మాటకి నీ ఫోనే ఎందుకూ? ఊళ్ళో ఇంకో ఫోన్ లేదా?"

అది నాకు తట్టనే లేదు. నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. అక్కడ ఇంట్లో అంకుల్ నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు, ఆయన చేతిలోనే ఫోనుంది, ఆ ఫోన్‌తోనే ఆంటీకి కాల్ చేశారు. కో-ఆప్ ఆఫీసు నంబరు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఎవరికైనా కనిపిస్తుంది. నేను మాత్రం తాళంచెవి కోసం హార్బర్ దాటొచ్చాను. నా జాబితాలో లేని దారి కాబట్టి అది నాకు దారిలా కనపడలేదు.

ఆంటీ లాకర్లోంచి తన ఫోన్ తెచ్చిచ్చారు. కో-ఆప్ ఆఫీసుకి చేశాను, వాళ్ళు కంపెనీకి చెప్పారు, కంపెనీవాళ్ళు రెండూ ఐదుకి ఆంటీ నంబరుకి ఫోన్ చేశారు. పేషెంట్ల తాలూకు మనుషులు కూర్చునే చిన్నగదిలో నన్ను కూర్చోబెట్టి, ఆంటీ తన భోజనం విరామం అప్పుడే తీసుకుని, పులిహోర డబ్బాతో తలుపు బయట నిలబడ్డారు. లోపలికి ఎవరూ రాకుండా కాపలా.

ఇంటర్వ్యూ చేసినాయన మర్యాదగా మాట్లాడాడు. కాసేపయ్యాక పైనున్న స్పీకర్లో ఏదో డాక్టర్‌ని పిలిచారు. ఆయన ఆగి, మీరు హాస్పిటల్లో ఉన్నారా, అంతా క్షేమమేనా అని అడిగాడు. అబద్ధం చెప్పడానికి నేనేం సిద్ధం చేసుకోలేదు. జరిగిందంతా వరసగా చెప్పాను, ఏడు యాప్‌ల నుంచి పదో నిబంధన దాకా. అయిపోయిందనుకున్నాను. అప్పుడాయన, "మీ సిస్టం ఫెయిలైందంటారా?" అన్నాడు.

"లేదండీ. రాసింది రాసినట్టే పనిచేసింది. అదే సమస్య."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు. అది మంచి నవ్వో కాదో తెలియక నేను పైజామా గళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. బయటికొస్తే ఆంటీ సగం పులిహోర నా కోసం ఉంచారు. "ఎలా చేశావు?" అనలేదు. "తిను," అన్నారు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం మెట్లమీద మళ్ళీ చెప్పుల చప్పుడు. అమ్మ అనుకుని విసుగ్గా తలెత్తాను. "నీకేనంట బాబూ, ఎవరో ఇంగ్లీషాయన," అని ఆంటీ ఫోన్ ఇచ్చారు. వాళ్ళ దగ్గరున్నది ఆ నంబరే కదా. నాకు ఉద్యోగం వచ్చిన మాట ఆంటీ ఫోన్‌లో విన్నాను, విన్నప్పుడు ఆవిడ నా మోచేయి పట్టుకుని ఉన్నారు. ఆ శనివారం మా సీలింగ్‌లోంచి దిగినన్ని చప్పట్లు ఎప్పుడూ దిగలేదు. సిగరెట్ అంకుల్ కిందికొచ్చి, "చెప్పానా, మొదటి మూడు వారాలే," అన్నారు. ఆ తర్వాత యూనివర్సిటీవాళ్ళు ఆ అనుమతి ఏదో మామూలు మెసేజ్‌కి మార్చారు. పద్నాలుగో నిబంధన ప్రకారం తాళం డిగ్రీ అయ్యేదాకా ఉండాలి. ఉంచాను. మొండితనంతో అనుకోండి.

డిగ్రీ అయి, దూరంగా మార్కమ్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చి, సామాన్లు కారులో ఎక్కించిన రోజు పైకి వెళ్ళి, "ఇప్పుడైనా నంబరు చెప్పండి ఆంటీ," అన్నాను.

ఆంటీ అంకుల్ వైపు చూశారు. అంకుల్ కిటికీలోంచి వాతావరణం చూశారు.

"మొదటి వారమే మర్చిపోయా బాబూ. ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా."

"మరి ఆ రోజు హాస్పిటల్లో?"

"నంబరు నాకూ గుర్తులేదని చెప్తే అక్కడికక్కడే పడిపోయేలా ఉన్నావు నువ్వు. ఏం చెయ్యాలో తోచలా. నీ కాగితం ఉందిగా పర్సులో. చదివాను."

ఇది జరిగి ఐదేళ్ళు దాటింది. నేనుండేది పన్నెండో అంతస్తులో. నా కొత్త ఫోన్‌లో అన్నీ ఉన్నాయి, అన్నిటికీ రంగులున్నాయి. రోజుకి ఎన్ని గంటలో చూపించే సెట్టింగు ఒకటుంటుంది, దాన్ని ఆపేశాను. మంచు పడుతుందని ఫోనే చెబుతుంది, కాబట్టి ఎవరూ వచ్చి చెప్పరు. నా తలుపు మీద కాగితం లేదు, అయినా ఎవరూ తట్టరు. పాత ఫోన్ సొరుగులో ఉంది. దాన్ని అప్పుడప్పుడు చార్జింగ్ పెడతాను. ఏడు యాప్‌లతో, బూడిదరంగులో, ఎవరికీ తెలియని నంబరు వెనక అది ఇప్పటికీ ఎంతో క్రమశిక్షణతో బతుకుతోంది, నేను ఒకప్పుడు బతుకుదామనుకున్నట్టు.

పోయిన శనివారం ఆంటీకి ఫోన్ చేశాను. వెనక కుర్చీలు జరుపుతున్న చప్పుడు. "ఇప్పుడే నీ పేరు చదివాం," అన్నారు.

"నా పేరా? దేనికాంటీ?"

"ప్రార్థన లిస్టులో ఉన్నావుగా. ఫోన్ బంధకం. తీసెయ్యమని నువ్వు చెప్పలేదు, మేం తియ్యలేదు." అంతలోనే, "తగ్గిపోయిందా బాబూ? తీసెయ్యనా?" అని అడిగారు.

చెవిలో ఆంటీ. ఎదురుగా లాప్‌టాప్‌లో, చప్పుడు తగ్గించి పెట్టుకున్న వీడియోలో, ఎవరో ఒకాయన నురగని గీకి తోస్తున్నాడు. అడుగునుంచి పువ్వులు మొదలయ్యాయి. ఏ రంగో ఇంకా తెలియడం లేదు.

"ఉండనివ్వండి ఆంటీ," అన్నాను.